లా స్కూల్‌కు ముందు నాలుగేళ్ల డిగ్రీ: సొంత రాష్ట్రంలోనా, బయటి రాష్ట్రంలోనా?

మీరు అడిగినదాన్ని ముందుగా రెండు మాటల్లో చెప్పుకుని ఆపైన సమాధానం రాస్తాను. మీ కుటుంబం చాలా ఏళ్లుగా డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటోంది. ఈ దేశంలోనే పుట్టిన మీ అమ్మాయికి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీ ఆస్టిన్)లోనూ, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలోనూ సీటు వచ్చింది. డిగ్రీ అయ్యాక లా చదవాలని ఆమె గట్టిగా అనుకుంటోంది. మిషిగన్‌కు దేశమంతటా పేరుంది కాబట్టి అక్కడ డిగ్రీ చేస్తే పెద్ద లా స్కూల్‌లో చేరడం సులభమవుతుందన్నది ఆమె వాదన. ఆ పేరు కోసం ఏటా అంత అదనపు డబ్బు పెట్టడం సబబేనా అన్నది మీ సందేహం. నేను అమెరికాలో చాలాకాలంగా న్యాయవాదిగా పనిచేస్తున్నాను, లా స్కూల్‌కు దరఖాస్తు చేసుకునే మన పిల్లల కాగితాలు తరచుగా చూస్తుంటాను. మీరు చెప్పిన వివరాలను బట్టి నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. డిగ్రీ ఆస్టిన్‌లో చేయించండి. ఏ రాష్ట్రం, ఎంత పేరు అన్న ఆలోచననూ, దానికయ్యే డబ్బునూ లా స్కూల్ ఎంచుకునే దశ కోసం అట్టే పెట్టుకోండి. కారణాలు కింద రాస్తున్నాను, ఈ సలహా ఎవరి విషయంలో పనికిరాదో కూడా చెబుతాను.

భారతదేశంలో చదువుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడి పద్ధతి మొదట కొంత తికమకగా ఉంటుంది. అక్కడ ఇంటర్ కాగానే క్లాట్ ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్‌లోని నల్సార్ లాంటి చోట ఐదేళ్ల లా కోర్సులో చేరవచ్చు కాబట్టి, మొదట చేరిన కాలేజీయే వృత్తి జీవితమంతా వెంట వచ్చే పేరు అవుతుంది. అమెరికాలో లా అంటే నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేశాక చదివే మూడేళ్ల జేడీ పట్టా కోర్సు. ముందు చదివే డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు. లా స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికన్ బార్ అసోసియేషన్ కూడా ఫలానా సబ్జెక్టే చదవాలని ఎక్కడా చెప్పదు, కాలేజీలలో ప్రీ-లా పేరుతో కనిపించేది చాలా చోట్ల విద్యార్థులకు సలహాలిచ్చే విభాగం మాత్రమే. న్యాయవాదిని ఉద్యోగంలోకి తీసుకునేవారు అడిగేది జేడీ ఎక్కడ చేశారని, ఆ తరగతిలో ఎక్కడ నిలిచారని. డిగ్రీ ఎక్కడ చేశారన్నది రెజ్యూమేలో చివరి వరుసల్లోకి వెళ్లిపోతుంది.

లా స్కూల్ అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లే ఫైలులో అన్నిటికంటే బరువైనవి రెండు అంకెలు. ఒకటి లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన ఎల్‌సాట్ స్కోరు, రెండోది డిగ్రీ జీపీఏ, అంటే గ్రేడుల సగటు. ఎల్‌సాట్ 120 నుంచి 180 వరకు లెక్కించే పరీక్ష. 2024 ఆగస్టు నుంచి అందులో లాజిక్ గేమ్స్ అనే భాగాన్ని తీసేశారు, ఇప్పుడు మార్కులు లెక్కలోకి వచ్చేవి తార్కిక విశ్లేషణ భాగాలు రెండు, చదివి అర్థం చేసుకునే భాగం ఒకటి. పేరున్న లా స్కూళ్లలో చేరినవారి మీడియన్ (సరిగ్గా మధ్యలో నిలిచినవారి) జీపీఏ ఈ మధ్య 3.9 దాటిపోయింది, ఎల్‌సాట్ మీడియన్ 170 పైన ఉంటోంది. ప్రతి లా స్కూలూ ఈ అంకెలను ఏటా 509 నివేదిక అనే పేరుతో బయటపెట్టాలి కాబట్టి, మీడియన్ పడిపోకుండా చూసుకోవడం కమిటీకి ఒక నిత్య చింత. అందువల్ల ఆస్టిన్ నుంచి 3.95తో వచ్చిన దరఖాస్తుకూ, ఆన్ ఆర్బర్ నుంచి 3.7తో వచ్చిన దరఖాస్తుకూ మధ్య, మిగిలినవన్నీ సమానమైతే, మొదటిదే ముందుంటుంది. కాలేజీ పేరుకు అసలు విలువ లేదని నేననను. దరఖాస్తులను సిద్ధం చేసి పంపే ఎల్‌సాక్ సంస్థ తన నివేదికలో అదే కాలేజీ నుంచి వచ్చిన ఇతర దరఖాస్తుదారుల జీపీఏలలో మీ అమ్మాయి జీపీఏ ఎక్కడ ఉందో, ఆ కాలేజీ విద్యార్థుల సగటు ఎల్‌సాట్ ఎంతో కూడా చూపిస్తుంది. చదివిన చోటు ఎంత గట్టిదో కమిటీకి దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. అయితే యూటీ ఆస్టిన్ ఆ కొలతలో వెనకబడే చోటు కాదు. టెక్సస్ హైస్కూళ్లలో తరగతి మొదటి 5 శాతంలో నిలిచినవారికి నేరుగా సీటిచ్చే విశ్వవిద్యాలయం అది. అంటే ఆస్టిన్‌కూ మిషిగన్‌కూ మధ్య పేరులో ఉన్న తేడా లా స్కూల్ కమిటీ దృష్టిలో చాలా స్వల్పం, దానికి మీరు చెల్లించాల్సిన ధర మాత్రం చాలా పెద్దది.

జీపీఏ గురించి మరొక సంగతి ఉంది, ఇది చాలా ఇళ్లలో ఆలస్యంగా తెలుస్తుంది. కాలేజీ తన ట్రాన్‌స్క్రిప్టు మీద చూపే జీపీఏ, ఎల్‌సాక్ లెక్కగట్టే జీపీఏ ఒకటి కావు. మొదటి డిగ్రీ పూర్తయ్యేలోపు ఏ కాలేజీలో ఏ క్రెడిట్ కోర్సు చదివినా, ఆ గ్రేడు ఎల్‌సాక్ లెక్కలోకి వస్తుంది. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ప్రాంతాల్లో మన పిల్లలు హైస్కూల్‌లో ఉండగానే కాలిన్ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ కోర్సులు (హైస్కూల్‌కూ, కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చేవి) తీసుకోవడం మామూలే. పదహారేళ్ల వయసులో అక్కడ తెచ్చుకున్న సీ గ్రేడు, ఆస్టిన్ లెక్కలో కనిపించకపోయినా, లా స్కూల్‌కు వెళ్లే లెక్కలో కూర్చుంటుంది. ఒక కోర్సును మళ్లీ చదివి గ్రేడు మెరుగుపరచుకున్నప్పుడు కొన్ని కాలేజీలు పాత గ్రేడును తీసేస్తాయి, కాని ట్రాన్‌స్క్రిప్టు మీద రెండూ కనిపిస్తే ఎల్‌సాక్ రెండింటినీ కలుపుతుంది. ఏ ప్లస్ ఇచ్చే కాలేజీలలో ఆ గ్రేడును 4.33గా లెక్కిస్తుంది, ఆ గ్రేడే ఇవ్వని కాలేజీలలో చదివినవారికి ఆ అవకాశం ఉండదు. హైస్కూల్‌లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల ద్వారా వచ్చిన క్రెడిట్లకు గ్రేడు ఉండదు కాబట్టి అవి జీపీఏను పెంచవు, తగ్గించవు. మీ అమ్మాయి ఇప్పటికే కాలిన్ కాలేజీలో ఏవైనా చదివి ఉంటే ఆ ట్రాన్‌స్క్రిప్టును ఈ వారమే తెప్పించుకుని చూడండి, ఆమె జీపీఏ ఆట అక్కడే మొదలైపోయింది.

ఇక డబ్బు. టెక్సస్ వాసులకు ఆస్టిన్‌లో ట్యూషన్, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి సంవత్సరానికి 30 వేల డాలర్లకు కొంచెం అటూ ఇటూగా అవుతాయి. మిషిగన్‌లో బయటి రాష్ట్రాలవారికి ట్యూషనే 60 వేలు దాటింది, మొత్తం ఖర్చు 80 వేలు దాటుతుంది. తేడా ఏటా దాదాపు 50 వేలు, నాలుగేళ్లకు దాదాపు రెండు లక్షల డాలర్లు. మిషిగన్ తన రాష్ట్రపు పిల్లలకు ఆర్థిక సహాయం ధారాళంగానే ఇస్తుంది గాని, బయటివారి విషయంలో అంత ఉదారంగా ఉండదు. పైగా ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంటికి అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయం అందే అవకాశం తక్కువ.

ఈ రెండు లక్షలను అప్పుతో తీర్చవచ్చు కదా అని మీరు రాశారు. ఇక్కడే పరిస్థితి మారిపోయింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పేరెంట్ ప్లస్ రుణానికి ఒక్కో బిడ్డకు ఏటా 20 వేలు, మొత్తం మీద 65 వేల డాలర్ల పరిమితి వచ్చింది. విద్యార్థి సొంతంగా తీసుకోగల ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపై రెండేళ్లు 7,500 చొప్పున, అంటే నాలుగేళ్లకు 27 వేలు. రెండూ కలిపినా 92 వేలే. మిగిలింది మీ పొదుపు నుంచో, ఇంటి మీద అప్పుగానో, ప్రైవేటు బ్యాంకు నుంచో రావాలి. లా స్కూల్ దశలో పరిమితి మరింత గట్టిది. ఖర్చు ఎంతైతే అంత అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం అదే తేదీ నుంచి కొత్తవారికి లేదు, లా లాంటి వృత్తి కోర్సులకు ఏటా 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లే గరిష్ఠం. పేరున్న ప్రైవేటు లా స్కూల్‌లో ఒక సంవత్సరం మొత్తం ఖర్చు లక్ష డాలర్లు దాటిన రోజులివి. కాబట్టి మీ చేతిలో ఉన్న సొంత డబ్బు, చదువు కోసం పన్ను రాయితీతో పొదుపు చేసే 529 ఖాతాలో దాచినది, ఎక్కువగా అవసరమయ్యేది ఆ మూడేళ్లలో. డిగ్రీకి ఖర్చు కాని 529 సొమ్మును అదే అమ్మాయి లా స్కూల్ ట్యూషన్‌కు పన్ను పడకుండా వాడుకోవచ్చు.

మీ అమ్మాయికి డబ్బులేని నిందితుల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో పనిచేయాలని ఉందని రాశారు, అది ఈ లెక్కలో చాలా ముఖ్యమైన విషయం. పెద్ద న్యాయ సంస్థల్లో మొదటి సంవత్సరం జీతం 2,25,000 డాలర్లు. కాని కొత్త న్యాయవాదుల జీతాలు ఆ అంకె దగ్గర ఒక గుంపుగా, దానిలో సగానికంటే తక్కువ దగ్గర మరో గుంపుగా ఉంటాయి, మధ్యలో ఉండేవారు తక్కువ. ప్రభుత్వ న్యాయ కార్యాలయాలు రెండో గుంపులోవి. అలాంటి ఉద్యోగాలు చేసేవారి కోసం 2007లో వచ్చిన ప్రజాసేవా రుణమాఫీ పథకం ఉంది, 120 నెలవారీ వాయిదాలు కట్టాక మిగిలిన ఫెడరల్ రుణం మాఫీ అవుతుంది. ప్రైవేటు రుణానికి ఆ మాఫీ వర్తించదు. ఆన్ ఆర్బర్ కోసం ఇప్పుడు తీసుకునే ప్రైవేటు అప్పు, ఎనిమిదేళ్ల తర్వాత ఆమె కోరుకున్న ఉద్యోగంలో చేరనివ్వకుండా ఆపే అప్పు అవుతుంది.

మిషిగన్‌లో ఒక ఏడాది ఉంటే ఇన్‌స్టేట్ ఫీజు (సొంత రాష్ట్రంవారికి ఉండే తక్కువ ఫీజు) వస్తుందని ఎవరో చెప్పినట్టు రాశారు. ఆ ఆశ పెట్టుకోకండి. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు లోకల్, నాన్‌లోకల్ లెక్క బాగా తెలుసు. అక్కడ నిర్ణీత సంవత్సరాలు ఎక్కడ చదివారన్నది చూస్తారు, చదువే స్థానికతకు ఆధారం. ఇక్కడ సరిగ్గా తలకిందులు. చదువు కోసమే వచ్చి ఉన్నవారిని రాష్ట్రవాసిగా లెక్కించరు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి తల్లిదండ్రుల నివాసమే నివాసం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ అయితే ఏడాదికి పైగా భౌతికంగా అక్కడే ఉండటంతో పాటు, బయటి రాష్ట్రపు తల్లిదండ్రులున్న పిన్న వయసు విద్యార్థి ఆర్థికంగా స్వతంత్రుడని కూడా రుజువు అడుగుతుంది. ఈ నియమాల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులు ఉన్నాయి. కనెక్టికట్‌లో దరఖాస్తు నాటికి బయటివారైతే చదువు ముగిసేదాకా బయటివారే అన్న చట్టాన్ని 1973లో వ్లాండిస్ వర్సెస్ క్లైన్ కేసులో కోర్టు కొట్టేసింది. అంటే రాష్ట్రవాసినని నిరూపించుకునే అవకాశం ఇచ్చి తీరాలి. కాని ఒక ఏడాది నివాసం ఉండాలన్న షరతును అంతకు ముందే, 1971లో, మిన్నెసోటా కేసులో కోర్టు సమర్థించింది. నిరూపించుకోవచ్చు అన్నంత మాత్రాన పద్దెనిమిదేళ్ల పిల్ల, తల్లిదండ్రుల డబ్బుతో హాస్టల్‌లో ఉంటూ, నిరూపించుకోగలదని కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. బాబాయి ఇల్లు ఫలానా రాష్ట్రంలో ఉంది, ఆ చిరునామా పెట్టి ఇన్‌స్టేట్ ఫీజు తెచ్చుకుందాం అనే ఆలోచన మనవాళ్ల మధ్య అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఏ వృత్తిలోకి వెళ్లేవారికైనా అది తప్పే, న్యాయవాది కావాలనుకునేవారికి మాత్రం ఆత్మహత్యాసదృశం. కాలేజీలో క్రమశిక్షణ చర్యలేమైనా ఎదుర్కొన్నారా అని లా స్కూల్ దరఖాస్తు అడుగుతుంది. లైసెన్సు ఇచ్చే ముందు రాష్ట్ర బార్ అభ్యర్థి నడవడికను విడిగా పరిశీలిస్తుంది. వెనకటి చిరునామాలు, ఉద్యోగాలు, అప్పులు అన్నీ అందులో బయటపడతాయి. పరీక్షలో తప్పితే మళ్లీ రాసుకోవచ్చు, సంతకం పెట్టి అబద్ధం చెప్పినట్టు తేలితే లైసెన్సే ప్రశ్నార్థకమవుతుంది.

రాష్ట్రం ముఖ్యమయ్యేది లా స్కూల్ దశలో. న్యాయవాది లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది, ఉద్యోగాలు కూడా చాలావరకు ప్రాంతీయమైనవే. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల న్యాయ కార్యాలయాల్లో యూటీ లా, డాలస్‌లోని ఎస్‌ఎంయూ, హ్యూస్టన్ విశ్వవిద్యాలయం లా స్కూళ్లలో చదివినవారు ఎక్కువగా కనిపించడానికి కారణం, వేసవి ఇంటర్న్‌షిప్‌లు, పూర్వ విద్యార్థుల పరిచయాలు, జడ్జీల దగ్గర క్లర్క్‌షిప్‌లు అన్నీ ఆ ఊళ్లలోనే జరగడం. ఫీజులో తేడా కూడా ఈ దశలో స్కూలును బట్టి మారుతుంది. యూటీ లాలో టెక్సస్ వాసులకూ బయటివారికీ ఏటా దాదాపు 20 వేల డాలర్ల తేడా ఉంటుంది. మిషిగన్, వర్జీనియా లా స్కూళ్లలో ఆ తేడా చాలా తక్కువ. కాబట్టి మిషిగన్ పేరే మీ అమ్మాయికి కావాలంటే, దాన్ని లా స్కూల్ దశలో సంపాదించుకోవడం తెలివైన పని. అప్పుడు ఆ పేరు జేడీ పట్టా మీద ఉంటుంది, బయటి రాష్ట్రం నుంచి వచ్చినందుకు పడే జరిమానా లాంటి అదనపు ఫీజు పెద్దగా ఉండదు, ఎల్‌సాట్, జీపీఏ బాగుంటే స్కాలర్‌షిప్ కూడా రావచ్చు. లా స్కూల్ స్కాలర్‌షిప్‌లు చాలావరకు ఈ రెండు అంకెలను చూసే ఇస్తారు. కొన్ని చోట్ల తరగతిలో ఫలానా స్థానం నిలబెట్టుకోకపోతే స్కాలర్‌షిప్ తీసేసే షరతు ఉంటుంది, ఎంతమందికి అలా తీసేశారో కూడా 509 నివేదికలో చూడవచ్చు.

ఆస్టిన్ పక్షాన ఇంకొక సంగతి. అది రాష్ట్ర రాజధాని, టెక్సస్ సుప్రీంకోర్టూ, క్రిమినల్ కేసుల చివరి కోర్టయిన కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్సూ అక్కడే ఉన్నాయి. టెక్సస్ శాసనసభ బేసి సంఖ్య సంవత్సరాల్లో జనవరిలో మొదలై 140 రోజులు జరుగుతుంది. 2026 శరదృతువులో చేరే విద్యార్థికి నాలుగేళ్లలో 2027, 2029 సమావేశాలు రెండూ దొరుకుతాయి. క్యాంపస్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో బిల్లులు ఎలా రాస్తారో, ఎలా చంపేస్తారో చూడగల అవకాశం ఆన్ ఆర్బర్‌లో లేదు, మిషిగన్ రాజధాని లాన్సింగ్ అక్కడికి గంట ప్రయాణం. అయితే యూటీ పెద్ద సముద్రం, మొదటి ఏడాది తరగతుల్లో వందల మంది ఉంటారు. లా స్కూల్‌కు సిఫారసు లేఖ రాయాల్సిన ప్రొఫెసర్‌కు ఆమె ఎవరో తెలియాలి. అందుకే ప్లాన్ టూ ఆనర్స్, లిబరల్ ఆర్ట్స్ ఆనర్స్ లాంటి చిన్న తరగతుల కార్యక్రమాల్లో స్థానం ఉందా, లేకపోతే తర్వాత చేరవచ్చా అని కనుక్కోండి. నా దృష్టిలో మిషిగన్ పేరు కంటే పదిహేను మంది ఉన్న సెమినార్‌లో రాసిన ఒక మంచి వ్యాసం ఆమెకు ఎక్కువ పనికొస్తుంది.

నా సలహా ఎక్కడ తప్పవుతుందో ఇప్పుడు చెబుతాను. మొదటిది, లా మీద ఆమె నిర్ణయం నిజంగా ఎంత గట్టిది అన్న ప్రశ్న. పదిహేడేళ్లకు లా అన్నవారిలో చాలామంది ఇరవై ఒకటికి మరో దారి పడతారు, అందులో తప్పేమీ లేదు. ఆమె మనసు పెట్టుబడి బ్యాంకింగ్ వైపో, కన్సల్టింగ్ వైపో మళ్లే సూచనలుంటే లెక్క మారుతుంది. అక్కడ డిగ్రీ నుంచే ఉద్యోగంలోకి తీసుకుంటారు, మిషిగన్‌లోని రాస్ బిజినెస్ స్కూల్ లాంటి చోటికి ఆ సంస్థలు నేరుగా వస్తాయి. అయితే ఆస్టిన్‌లోని మెకోంబ్స్ బిజినెస్ స్కూల్‌కు కూడా వస్తాయన్నది గుర్తుంచుకోవాలి. రెండోది, బయటి రాష్ట్రం ఇచ్చే స్కాలర్‌షిప్. అలబామా విశ్వవిద్యాలయం వంటివి మంచి మార్కులున్న బయటి రాష్ట్రాల పిల్లలకు పెద్ద మొత్తాలిచ్చి పిలుచుకుంటాయి. ఖర్చు ఆస్టిన్‌తో సమానమో, తక్కువో అయితే బయటికి వెళ్లడంలో ఆర్థికంగా నష్టం లేదు. పశ్చిమ రాష్ట్రాల మధ్య ఇన్‌స్టేట్ ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించకుండా చదివే ఏర్పాటు ఒకటుంది, మిన్నెసోటా, విస్కాన్సిన్ మధ్య కూడా ఒప్పందం ఉంది. టెక్సస్ కుటుంబాలకు అవి ఉపయోగపడవు గాని, ఇదే ప్రశ్నతో ఉన్న సియాటిల్, ఫీనిక్స్ వైపు మిత్రులకు పనికొస్తాయి. మూడోది, మీకు ఆ రెండు లక్షలు నిజంగా బరువు కాకపోవడం. లా స్కూల్ సొమ్ము కూడా పక్కన పెట్టేసి ఉంటే, పదవీ విరమణ పొదుపును ముట్టనక్కర్లేకపోతే, అమ్మాయి కోరిక తీర్చడానికి నా అనుమతి అక్కర్లేదు. ఇంటికి దూరంగా ఉండాలనే కోరిక కూడా చిన్నచూపు చూడదగినది కాదు. కాకపోతే ఫ్రిస్కో నుంచి ఆస్టిన్ దాదాపు 220 మైళ్లు. మీరు ప్రతి శనివారం పులిహోర పట్టుకుని వెళ్లనంత వరకు అది చాలినంత దూరమే.

మీ అమ్మాయి పౌరురాలు కాబట్టి మీకు వర్తించదు గాని, హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చేది) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడుగుతుంటారు, వారికి సమాధానం ఇంకా కఠినంగా ఉంటుంది. హెచ్-4 మీద ఉన్నవారికి ఫెడరల్ రుణం గాని, గ్రాంటు గాని రాదు. ఇరవై ఒకటి నిండగానే ఆ హోదా పోతుంది, గ్రీన్ కార్డు రాకపోతే సాధారణంగా విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాల్సి వస్తుంది. డిగ్రీ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో హోదా మారితే ఇన్‌స్టేట్ ఫీజు కొనసాగుతుందా అన్నది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది, చేరే ముందే రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వలస హోదా పేరుతో ఫీజు పెంచడం మీద 1982లో టోల్ వర్సెస్ మొరేనో కేసు వచ్చింది, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం జీ-4 వీసా (అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులకిచ్చేది) కుటుంబాల పిల్లలకు ఇన్‌స్టేట్ హోదా నిరాకరించడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు అన్ని వీసాలకూ కవచం కాదు. ఇక పౌరసత్వం లేకపోతే న్యాయవాది కాలేరన్న భయం మాత్రం అక్కర్లేదు. లైసెన్సుకు పౌరసత్వాన్ని షరతుగా పెట్టకూడదని 1973లోనే గ్రిఫిత్స్ కేసులో కోర్టు తేల్చింది. చిత్రమేమిటంటే అదీ, పైన చెప్పిన ఫీజు కేసూ రెండూ కనెక్టికట్ నుంచే, అదే జూన్ నెలలో వచ్చాయి.

సబ్జెక్టు విషయానికి వస్తే, ఎందుకైనా మంచిదని కంప్యూటర్ సైన్స్ కూడా జోడించమని మీరు అంటున్నారు. ఆమెకు ఇష్టముంటే మంచిదే, ఇష్టం లేకుండా చదివి 3.5 తెచ్చుకుంటే లా స్కూల్ తలుపు అక్కడే సగం మూసుకుంటుంది. సైన్సు, ఇంజినీరింగ్ డిగ్రీ తప్పనిసరయ్యే చోటు లా రంగంలో ఒకటే ఉంది, పేటెంట్ కార్యాలయం ముందు దరఖాస్తులు నడపడానికి కావలసిన పేటెంట్ బార్. పబ్లిక్ డిఫెండర్ కావాలనుకునే పిల్లకు దానితో పని లేదు. చరిత్ర, తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం ఏదైనా సరే, ఎక్కువగా చదివించి, ఎక్కువగా రాయించే సబ్జెక్టును ఆమెనే ఎంచుకోనివ్వండి.

మే 1 లోపు సీటు ఖాయం చేయాలి కాబట్టి ఈ కొద్ది రోజుల్లో చేయదగిన పనులు కొన్నే. ఆస్టిన్ ఆర్థిక సహాయ పత్రాన్ని జతచేసి, సహాయాన్ని మరోసారి పరిశీలించమని మిషిగన్‌కు మర్యాదగా ఒక లేఖ రాయించండి, కాదంటే పోయేదేమీ లేదు. మీ అమ్మాయినే కూర్చోబెట్టి, ఆమెకు నచ్చిన మూడు లా స్కూళ్ల 509 నివేదికలు చదవమనండి, పేరు గురించిన వాదన మీరు చెప్పడం కంటే ఆ అంకెలు చెప్పడం మేలు. అన్నీ చూశాక కూడా ఆమె మిషిగనే అంటే, మీరూ ఒప్పుకుంటే, టెక్సస్ నివాస హోదాను పోగొట్టుకోకుండా చూసుకోండి. మీరిద్దరూ టెక్సస్‌లోనే ఉంటూ ఆమెను పన్ను రిటర్నులో ఆధారితురాలిగా చూపించగలిగినంత కాలం, యూటీ లాకు వచ్చేటప్పుడు ఆమె టెక్సస్ వాసిగానే రావచ్చు. మధ్యలో న్యూయార్క్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి సొంతకాళ్ల మీద నిలబడితే ఆ లెక్క మారిపోతుంది. ఈ రోజుల్లో లా స్కూల్‌కు చాలామంది ఒకటి రెండేళ్లు పనిచేశాకే వెళ్తున్నారు కాబట్టి, ఆ ఉద్యోగం ఎక్కడ వెతుక్కోవాలో నిర్ణయించుకునేటప్పుడు ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండాలి.